సెల్‌ఫోను బురుజాట : ఆనందము ఎంతవరకు? అనారోగ్యము ఎక్కడినుండి?

వినోదము ఆరోగ్యమునకు శత్రువు కాదు. ఆయుర్వేదము ఆటపాటలను ఏనాడును నిషేధింపలేదు. చరకసంహిత సూత్రస్థానములో చికిత్సాగృహమును ఎట్లు అమర్చవలెనో చెప్పుచు, అక్కడ ఔషధములు, పాత్రలు, పరిచారకులతోపాటు పాటలు పాడువారు, వాద్యములు వాయించువారు, కథలు చెప్పువారు కూడ ఉండవలెనని ఆచార్యుడు విధించినాడు. మనస్సు ప్రసన్నముగా లేనిదే దేహము కుదుటపడదని దాని భావము. అయితే ఏ ద్రవ్యమైనను మాత్ర మించినచో విషమగునట్లు, ఏ వినోదమైనను మాత్ర మించినచో రోగకారణమగును. ఈ వ్యాసములో నేటి కాలమున ఇంటింట కనిపించు ఒక వినోదమును, అనగా సెల్‌ఫోనులో ఆడు బురుజు రక్షణ ఆటను, ఈ దృష్టితో పరిశీలింతము.

మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతముల జీవనము ఇరువది ముప్పది ఏండ్లలో మిక్కిలి మారినది. ద్రాక్షతోటలు, కూరగాయల మళ్ళు ఉన్న చోట్ల ఇండ్ల సముదాయములు లేచినవి. శామీర్‌పేట మండలములోని తుర్కపల్లి పరిసరములలో 1999 నుండి జీనోమ్ వ్యాలీ పెరిగినది. మేడ్చల్ చుట్టును కర్మాగారములు, గిడ్డంగులు, కళాశాలలు వెలసినవి. రాత్రిపని చేయువారు, దూరప్రయాణము చేసి ఉద్యోగమునకు పోవువారు, వసతిగృహములలో ఉండు విద్యార్థులు అధికమైనారు. వీరికి దొరకు విరామము చిన్నది. చేతిలో ఉన్న సాధనము ఫోను. కనుక బస్సులో, భోజన విరామములో, పడకమీద ఆట మొదలగును. నిద్రలేమి, కన్నుల మంట, మెడనొప్పి, ఆమ్లపిత్తము అని చెప్పి వచ్చువారిని దినచర్య అడిగినచో, పది మాటల తరువాత ఆట మాట బయటపడుట ఇప్పుడు సాధారణమైనది.

ఆట స్వరూపము

రోగకారణము నెరుగక మందు చెప్పరాదు. కనుక ముందు ఈ ఆట ఎట్టిదో తెలిసికొనవలెను.

ఆంగ్లమున ‘టవర్ డిఫెన్స్’ అనబడు ఈ ఆటలో శత్రువులు దళములుగా ఒక దారిన వచ్చుచుందురు. ఆడువాడు ఆ దారివెంట బురుజులను, ఆయుధములను నిలిపి, వారు తన స్థానమును చేరకుండ అడ్డగింపవలెను. 1990లో అటారీ సంస్థ విడుదల చేసిన ‘ర్యాంపార్ట్’ను ఈ జాతి ఆటలకు పూర్వరూపముగా చెప్పుదురు. 2007లో ‘డెస్క్‌టాప్ టవర్ డిఫెన్స్’, ‘బ్లూన్స్’ అను ఆటలు కంప్యూటరు తెరపై వ్యాపించినవి. 2011లో ఉరుగ్వే దేశస్థులు ‘కింగ్‌డమ్ రష్’ను తెచ్చినారు. వీటన్నిటికంటె ఎక్కువగా సామాన్యుల ఇండ్లలో ప్రవేశించినది ‘ప్లాంట్స్ వర్సెస్ జాంబీస్’. అమెరికాలోని సియాటిల్ నగరమునందలి పాప్‌క్యాప్ సంస్థ దీనిని 2009 మే నెలలో విడుదల చేసినది. దీని రూపకర్త జార్జ్ ఫ్యాన్.

వైద్యునకు ఈ ఆట విశేషముగా ఆసక్తి కలిగించును. ఏలయనగా ఇందులో బురుజులు రాతివి కావు, మొక్కలు. ఇంటిపైకి వచ్చు పిశాచములను పెరటిలోని మొక్కలే అడ్డుకొనును. పొద్దుతిరుగుడు మొక్క వెలుగును పుట్టించును; ఆ వెలుగే ఆటలో ధనము. బఠాణీ మొక్క గింజలను విసరును. అక్రోటు గోడవలె అడ్డు నిలుచును. మిరపకాయ ఒక వరుసలోని శత్రువుల నందరిని కాల్చివేయును. వెల్లుల్లిని కొరికిన పిశాచము ఆ రుచికి తాళలేక పక్క వరుసకు తొలగిపోవును. పుట్టగొడుగులు రాత్రి మేలుకొని పగలు నిద్రించును. వాటిని పగలు లేపుటకు కాఫీగింజ వేయవలెను. ఒక్కొక్క ద్రవ్యమునకు ఒక గుణము, ఒక కర్మ, ఒక ఖరీదు. ఎచ్చట ఏది నాటవలెనో ఆలోచించుటే ఆట. పగటి వాకిలి, రాత్రి వాకిలి, కొలనుగల పెరడు, పొగమంచు, ఇంటి కప్పు అను అయిదు రంగములలో పదేసి చొప్పున మొత్తము ఏబది ఘట్టములు కలవు.

నేను కూర్చుండి ఈ ఆటను ఆడి చూచితిని. ఇది రమ్యమైన ఆట అనుటలో సందేహము లేదు. ఇందులో రక్తపాతపు బీభత్సము తక్కువ, హాస్యము ఎక్కువ. ముందుచూపు, పొదుపు, స్థానబలము నేర్పును. ఏ మొక్కకు ముందు, ఏ మొక్కకు తరువాత వెలుగును వెచ్చింపవలెననునది ఇల్లు నడుపు గృహిణికి తెలిసిన విద్యయే. మన పల్లెలలో దేవాలయ మండపముల బండలపై గీతలు చెక్కి ఆడిన పులిమేక ఆటయందును ఇదే బుద్ధి కలదు. మూడు పులులను పదిహేను మేకలతో కదలకుండ కట్టివేయుటలో బలముకంటె స్థానమే ముఖ్యము. కనుక “పనికిమాలిన ఆట” అని యువకులను గద్దించుట న్యాయము కాదు. అట్లు గద్దించు వైద్యుని మాటను వారు వినరు.

మనస్సు ఎందుకు చిక్కుకొనును?

పులిమేకలో లేని గుణములు కొన్ని తెరపై ఆటలో ఉన్నవి. చిక్కు వాటియందే కలదు.

మొదటిది, ప్రారంభము అతి సులభము. మొదటి ఘట్టములో ఒక్క వరుస, ఒక్క మొక్క. పసిపిల్లవాడును గెలువగలడు. కష్టము మెల్లమెల్లగా పెరుగును. ఓకసాత్మ్యము అని శాస్త్రము చెప్పు అలవాటు ఈ విధముగానే దేహమున పట్టును.

రెండవది, గెలిచిన వెంటనే కొత్త మొక్క బహుమతిగా లభించును. ఆ మొక్క ఏమి చేయునో చూడవలెనన్న ఉత్సుకత తరువాతి ఘట్టమునకు లాగును. బహుమతి ఆటను ముగించుటకు బదులు కొత్త ఆటను మొదలుపెట్టును.

మూడవది, చేతికి, కంటికి క్షణకాలము విరామముండదు. పైనుండి రాలు వెలుగును వ్రేలితో తాకి ఏరుకొనుచుండవలెను. ఏరనిచో అది మాయమగును. పులిమేకలో ఎదుటివాడు ఆలోచించునంతసేపు మన కన్ను ఆకాశమువైపు పోవును, ఇంటిలో పిలుపు వినబడును. ఇచ్చట ఆ సందు లేదు.

నాల్గవది, ఓటమియు ఆకర్షించును. చిట్టచివరి పిశాచము గడప దాటినప్పుడు “ఇంకొక్క అక్రోటు నాటియున్నచో గెలిచెడివాడను” అన్న తలంపు కలుగును. ఈ కొద్దిలో తప్పిన విజయమే నిద్రను హరించు విషయములలో ప్రధానమైనది.

అయిదవది, ఆటకు సహజమైన అంతము లేదు. మండపముమీద చీకటిపడినచో పులిమేక ముగియును; ఎదుటివాడు ఇంటికి పోవును. ఫోనునకు చీకటి లేదు. ఎదుటివాడు అలసిపోడు.

2013లో వచ్చిన దీని రెండవ భాగము ఉచితముగా లభించినను, లోపల కొన్ని మొక్కలకు నిజమైన ధనము చెల్లించు ఏర్పాటు కలదు. ఇట్టి ఆటలలో ఓర్పు తరిగినకొలది జేబు తరుగును. ఈ సంగతి కుటుంబీకులు గమనింపవలెను.

శాస్త్రదృష్టి

రోగములకు మూడు మూలకారణములు చరకాచార్యుడు చెప్పినాడు. ఇంద్రియములకు విషయములతో తగని సంబంధము ఒకటి. ప్రజ్ఞాపరాధము రెండవది. కాలపరిణామము మూడవది. అతిగా ఆడు ఆటలో ఈ మూడును కలియుచున్నవి.

కన్ను చూడదగిన దానిని మితిమీరి చూచుట అతియోగము. అతి సమీపమునుండి చూచుట మిథ్యాయోగములలో ఒకటి. జానెడు తెరను మూరెడు దూరములోపల ఉంచుకొని రెండు గంటలు రెప్ప తక్కువగా వేయుచు చూచుట ఈ రెంటికిని ఉదాహరణము. తదేకముగా తెరను చూచునప్పుడు రెప్పపాట్లు తగ్గి కంటి తడి ఆరునని ఆధునిక నేత్రవైద్యులును చెప్పుచున్నారు.

ప్రజ్ఞాపరాధమనగా తెలిసి చేయు తప్పు. బుద్ధి, ధృతి, స్మృతి అను మూడును జారినప్పుడు ఇది సంభవించును. రేపు ఉదయము అయిదు గంటలకు లేవవలెనని బుద్ధికి తెలియును. ఫోను ప్రక్కన పెట్టుటకు చాలినంత ధృతి ఉండదు. నిన్న ఇట్లే చేసి నేడు తలనొప్పితో బాధపడితిమన్న స్మృతి ఆ సమయమునకు రాదు. మన సమీపమునందలి గోలకొండ కథ ఈ విషయమును చక్కగ తెలుపును. 1687లో ఔరంగజేబు సైన్యము ఆ కోటను ఎనిమిది నెలలు ముట్టడించినను గోడలు కూలలేదు, బురుజులు లొంగలేదు. చివరకు లోపలివాడొకడు రాత్రివేళ ద్వారము తెరచుటచేత కోట పడిపోయినది. దేహమను కోటకును బయటి శత్రువుకంటె లోపలినుండి తెరచుకొను ద్వారమే ప్రమాదకరము. నగరాధిపతి నగరమును కాపాడునట్లు బుద్ధిమంతుడు తన శరీరమును కాపాడుకొనవలెనని చరకుడు చేసిన పోలిక ఇందులకే.

కాలము మూడవ కారణము. రాత్రి జాగరణము రూక్షగుణమును పెంచునని వాగ్భటుడు చెప్పినాడు. రూక్షత పెరిగినచో వాతము ప్రకోపించును. అందుచేతనే పగటివేళ ఆడు ఆటకంటె రాత్రి నిద్ర మాని ఆడు ఆటవలన హాని అధికము.

ఇంకొక ముఖ్యవిషయము వేగధారణము. మూత్రము, మలము, ఆకలి, దప్పిక, ఆవులింత, నిద్ర మొదలైన పదమూడు సహజ వేగములను బలవంతముగా ఆపరాదని అష్టాంగహృదయము శాసించుచున్నది. “ఈ దళము ముగియనీ, లేచెదను” అని ఆటలో కూర్చున్నవాడు ఒకే గంటలో వీటిలో నాలుగైదింటిని ఆపుచున్నాడు. నిద్రవేగమును ఆపినచో బుద్ధి మాంద్యము, తల కన్నుల బరువు, బద్ధకము, ఆవులింతలు, ఒళ్ళునొప్పులు కలుగునని శాస్త్రము వర్ణించినది. ఉదయము మా వద్దకు వచ్చు యువకులు చెప్పు బాధలు అక్షరాల ఇవియే.

ఒక దృష్టాంతము

తుర్కపల్లి ప్రాంతమున మందుల తయారీలో రాత్రిపని చేయు ముప్పది ఏండ్లలోపు యువకుడొకడు చికిత్సకు వచ్చినాడు. గుండెలో మంట, మలబద్ధకము, పగలు నిద్ర పట్టకుండుట అతని బాధలు. అంతకుముందు ఆరు నెలలు ఆమ్లపిత్తమునకు మాత్రలు మ్రింగినాడు. విచారింపగా, ఉదయము ఏడింటికి ఇల్లు చేరి, “మనస్సు కుదుటపడుటకు” పడకమీద ఆట మొదలుపెట్టి, పదకొండింటివరకు ఆడుచున్నాడని తెలిసినది. పగటి నిద్ర మూడు గంటలకు కుదించుకుపోయినది. ఒకనాడు పనినుండి ద్విచక్రవాహనముపై వచ్చుచు రాజీవ్ రహదారిమీద కునుకుపాటున ప్రక్కకు పోయి, దైవవశమున బ్రతికి బయటపడినాడు. ఆ సంగతి ఇంటిలో చెప్పలేదు.

ఇతనికి ఆట మాన్పించుట సులభము కాదు, అవసరమును కాదు. రాత్రంతయు యంత్రముల నడుమ ఇతరుల ఆజ్ఞపై నడచినవానికి, తన ఇష్టము చొప్పున ఒక తోటను నిలబెట్టి కాపాడు సంతోషము చిన్నది కాదు. మార్చవలసినది ఆట ఆడు వేళ, దాని మాత్ర. క్రింద చెప్పబోవు క్రమమున అతడు ఆటను నిద్రకు తరువాతి వేళకు, అనగా సాయంకాలమునకు, మార్చుకొన్నాడు. రెండు నెలలలో నిద్ర ఆరు గంటలకు వచ్చినది. గుండెమంట చాలవరకు తగ్గినది. ఇప్పటికిని ఆడుచున్నాడు, ఏబది ఘట్టములును ముగించినానని నవ్వుచు చెప్పినాడు.

వినోదమా? వ్యసనమా?

ఆట ఆడువారందరు రోగులు కారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన రోగవర్గీకరణము పదకొండవ కూర్పులో ఆటల వ్యసనమును ఒక రోగముగా చేర్చినది. అది 2022 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చినది. దాని లక్షణములు మూడు. ఆటపై అదుపు తప్పుట ఒకటి. నిత్యకృత్యములకంటె, ఇతర అభిరుచులకంటె ఆటకే ప్రాధాన్యమిచ్చుట రెండు. హాని కలుగుచున్నను ఆటను కొనసాగించుట లేక పెంచుట మూడు. ఇవి కుటుంబమునకు, చదువునకు, ఉద్యోగమునకు గట్టి దెబ్బ తగులునంత తీవ్రముగా, సాధారణముగా పండ్రెండు నెలలపాటు కనిపించినప్పుడే రోగమని నిర్ణయింతురు.

గృహస్థులు తమంతట తాము వేసికొనదగిన ప్రశ్నలు ఇవి :

1. ఆపుదునని నిశ్చయించిన వేళకు వారములో ఎన్ని దినములు ఆపగలుగుచున్నారు?
2. ఆట కొరకు భోజనము, స్నానము, మలమూత్ర విసర్జనము వాయిదా వేయుచున్నారా?
3. ఎంతసేపు ఆడినది ఇంటివారికి దాచుచున్నారా?
4. ఫోను లేని గంటలో కోపము, చిరాకు కలుగుచున్నవా?
5. ఆటలో ధనము వెచ్చించుచున్నారా? ఆ మొత్తము నానాటికి పెరుగుచున్నదా?

ఒకటి రెంటికి అవును అనువారు క్రింది క్రమమును పాటించినచో చాలును. మూడింటికి మించినచో వైద్యుని కలియవలెను. ధనము పందెము కాయు ఆటలు వేరు జాతివి. వాటిని ఈ బురుజాటతో కలిపి చూడరాదు. అట్టి పందెపు ఆటలను నిషేధించుచు పార్లమెంటు 2025 ఆగస్టులో చట్టము చేసినది. వాటివలన అప్పులపాలై, ప్రాణముపై విరక్తి మాటలు పలుకువారికి తైలములు, చూర్ణములు చాలవు. ఆలస్యము చేయక మానసిక వైద్యుని వద్దకు కొనిపోవలెను. ప్రభుత్వము నడుపు టెలీమానస్ 14416 సంఖ్యకు ఏ వేళనైనను ఫోను చేయవచ్చును. హైదరాబాదు ఎర్రగడ్డలోని ప్రభుత్వ మానసిక చికిత్సాలయము కలదు. బెంగుళూరు నిమ్హాన్స్‌లో ఇట్టి సాంకేతిక వ్యసనములకే ప్రత్యేక విభాగము 2014 నుండి పనిచేయుచున్నది.

పాదాంశిక క్రమము : పావు పావుగా తగ్గించుట

అలవాటైన అహితమును ఒక్కసారిగా విడువరాదని, పావు వంతు చొప్పున తగ్గించుచు, ఆ స్థానమున హితమైనదానిని పావు వంతు చొప్పున పెంచుచు పోవలెనని చరకుడు ఉపదేశించినాడు. మొదటి మెట్టునకు, రెండవ మెట్టునకు నడుమ ఒక దినము, తరువాత రెండు, పిమ్మట మూడు దినముల వ్యవధి చెప్పబడినది. నేటి ఉద్యోగస్థులకు ఒక్కొక్క మెట్టునకు ఒక వారము అనుకూలముగా ఉండును.

దినమునకు నాలుగు గంటలు ఆడువానికి ఉదాహరణము :

మొదటి వారము మూడు గంటలు ఆట, ఒక గంట హితకార్యము. రెండవ వారము రెండు గంటలు ఆట, రెండు గంటలు హితకార్యము. మూడవ వారము ఒక గంట ఆట. నాల్గవ వారమునుండి అరగంట. దానిని స్థిరముగా నిలుపుకొనవచ్చును.

ఖాళీ అయిన గంటను ఊరక విడిచినచో ఆట తిరిగి వచ్చి అందులో కూర్చుండును. కనుక ఏ గంటలో ఏమి చేయవలెనో ముందే నిర్ణయింపవలెను. శామీర్‌పేట చెరువు పరిసరములలో నడక, కండ్లకోయ ఆక్సిజన్ పార్కులో ఉదయపు సంచారము, తైలాభ్యంగన స్నానము, ఇంటివారితో భోజనము, వేళకు నిద్ర, ఇవి హితకార్యములు.

వీటితోపాటు నాలుగు నియమములు పాటింపవలెను.

మొదటిది, కాలముకంటె ఘట్టములను లెక్కించుట మేలు. “అరగంట” అని కూర్చున్నవాడు గడియారము చూడడు. “రెండు ఘట్టములు” అని కూర్చున్నవాడు రెండవది ముగియగానే లేవగలడు.

రెండవది, ఓడిన ఘట్టమును అదే రాత్రి తిరిగి ఆడరాదు. ఓటమి కలిగించు ఉద్రేకము రజోగుణమును రెచ్చగొట్టును. మరునాడు చల్లని బుద్ధితో ఆడినచో అదే ఘట్టము తేలికగా లొంగును. ఇది ఆటగాండ్రందరి అనుభవమే.

మూడవది, నిద్రకు ఒక గంట ముందు తెర మూయవలెను. ఫోనును చేతికందని దూరమున, వీలైన వేరు గదిలో ఉంచవలెను. మేలుకొలుపునకు చిన్న గడియారము కొనుట ఉత్తమము.

నాల్గవది, వాహనము నడపబోవు ముందు గాని, నిద్ర చాలని ఉదయమున గాని ఆడరాదు. నిద్రమత్తులో జాతీయ రహదారి ఎక్కుట మృత్యువును ఆహ్వానించుటయే.

ఇంటి చికిత్సలు

నిద్ర పట్టనివారికి పాదాభ్యంగము : నువ్వులనూనె రెండు చెంచాలు గోరువెచ్చగ చేసి, పడుకొనుటకు ముందు అరికాళ్ళకు ఒక్కొక్కదానికి అయిదు నిమిషములు మర్దింపవలెను. పిమ్మట పాత గుడ్డతో బాగుగా తుడిచి పడుకొనవలెను. తుడువక నడచినచో జారిపడు ప్రమాదము కలదు. తల, చెవులు, పాదములు అను మూడింటికి నూనె విశేషముగా పట్టించవలెనని దినచర్యాధ్యాయము చెప్పుచున్నది. పాదాభ్యంగము కన్నులకును హితము.

రాత్రి పాలు : గేదెపాలు నిద్రను కలిగించు ద్రవ్యములలో శ్రేష్ఠమైనవి. ఒక గ్లాసు వెచ్చని పాలు పడుకొనుటకు అరగంట ముందు త్రాగవలెను. అజీర్ణము, జలుబు ఉన్నవారు మానవలెను. సాయంత్రము నాలుగు గంటల తరువాత కాఫీ, టీ త్రాగరాదు. ఆటలో కాఫీగింజ పుట్టగొడుగులను లేపునట్లే నిజముగాను అది నిద్రను చెరచును.

రాత్రిపని చేయువారికి : అలవాటు లేని జాగరణము చేసినవాడు, మేలుకొన్న కాలములో సగము, మరునాటి ఉదయము భోజనమునకు ముందే నిద్రింపవలెనని వాగ్భటుని మాట. కనుక ఇల్లు చేరిన వెంటనే ముఖము, పాదములు కడుగుకొని, కిటికీలకు ముదురురంగు తెర వేసి, ఫోను తాకక పడుకొనవలెను. కడుపునిండ తిని పడుకొనుట ఆమ్లపిత్తమునకు కారణము. మిక్కిలి ఆకలియైనచో పలుచని జావ త్రాగవచ్చును.

మలబద్ధకము, లోపలి వేడిమికి : ఎండుద్రాక్ష పదిహేను పండ్లు శుభ్రముగా కడిగి, రాత్రి అరగ్లాసు నీటిలో నానవేసి, ఉదయము పండ్లను నమిలి ఆ నీటిని త్రాగవలెను. మధుమేహము గలవారు వాడరాదు.

కన్నుల అలసటకు : ఇరువది నిమిషములకొకసారి ఇరువది అడుగుల దూరమున ఉన్న వస్తువును ఇరువది సెకండ్లు చూడవలెను. రెప్పలను నెమ్మదిగా పదిసార్లు ఆర్పవలెను. పొన్నగంటికూరను వారమునకు రెండు మూడుసార్లు పప్పులో వండుకొని తినవలెను. పెద్దలు రాత్రివేళ త్రిఫలచూర్ణము 3 గ్రాములు, నెయ్యి ఒక చెంచా, తేనె అరచెంచా కలిపి సేవింపవచ్చును. నెయ్యి, తేనె సమభాగములుగా కలుపరాదు. గర్భిణులు, పిల్లలు, విరేచనములు అగుచున్నవారు వాడరాదు. ఆకుల రసములు, తేనె, గులాబీనీరు వంటివి స్వయముగా కంటిలో వేసికొనరాదు. చూపు మసకబారినను, కన్ను ఎర్రబడి నొప్పించినను వెంటనే నేత్రవైద్యుని చూడవలెను.

మెడ, బొటనవ్రేలి నొప్పులకు : ఫోనును ఒడిలో ఉంచి తల వంచుట మాని, కంటికి ఎదురుగా పట్టుకొనవలెను. నువ్వులనూనె మెడకు, మణికట్టునకు రాచి, వేడినీటి గుడ్డతో పది నిమిషములు కాపడము పెట్టవలెను. వ్రేళ్ళు తిమ్మిరెక్కుచున్నచో వైద్యపరీక్ష అవసరము.

పిల్లల విషయము

ఏడాది పిల్లలకు సైతము తెర తగదనియు, రెండునుండి నాలుగేండ్ల పిల్లలకు దినమునకు ఒక గంటకు మించరాదనియు, అంతకంటె తక్కువైనచో మరింత మేలనియు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించినది. అన్నము తినిపించుటకు ఫోను చేతికిచ్చుట చెడు అలవాటు. ఆకలి, తృప్తి అను వేగములను ఆ బిడ్డ గుర్తింపలేకపోవును. బడిపిల్లలు ప్రతిదినము ఆరుబయట వెలుతురులో ఆడుకొన్నచో హ్రస్వదృష్టి వచ్చు అవకాశము తగ్గునని నేత్రవైద్యులు చెప్పుచున్నారు.

ఆట నడుమ ఫోనును లాగుకొనరాదు. కట్టిన తోట కళ్ళముందు కూలిపోయినచో బిడ్డకు నిజమైన దుఃఖము కలుగును. “ఈ ఘట్టము ముగియగానే” అని ముందే ఒడంబడిక చేసికొని, ముగియువరకు ప్రక్కన కూర్చుండవలెను. ఏ మొక్క ఎందుకు నాటినావని అడుగవలెను. తల్లిదండ్రులు ప్రక్కన కూర్చున్న ఆట రహస్యము కాదు. రహస్యము కానిది త్వరగా వ్యసనము కాదు.

మొక్కల ఆటను ప్రేమించు పిల్లవానికి మొక్కలనే చూపుట తగిన మందు. వెడల్పాటి తొట్టెలో మట్టి నింపి గుప్పెడు మెంతులు చల్లించవలెను. మూడు నాలుగు దినములలో మొలక కనిపించును. నెల తిరుగకముందే కూరకు కోయవచ్చును. వెల్లుల్లి రెబ్బను కుండీలో గ్రుచ్చి మొలిపించవచ్చును. వెల్లుల్లిలో ఆరు రుచులలో పులుపు తప్ప తక్కిన అయిదును ఉన్నవనియు, అందుచే దానికి రసోనమని పేరు వచ్చెననియు చెప్పినచో, ఆటలో పిశాచమెందుకు పారిపోయెనో పిల్లవాడు తానే ఊహించి నవ్వును. ఆటలో వెలుగును ఏరుకొనవలెను. తొట్టెలో వెలుగుకొరకు ఎదురుచూడవలెను. ఎదురుచూచుట అను గుణము తెర నేర్పదు, మట్టి నేర్పును.

ముగింపు

ఆహారము, నిద్ర, బ్రహ్మచర్యము అను మూడు ఉపస్తంభములు దేహమను ఇంటిని నిలుపుచున్నవి. ఏ వినోదమైనను ఈ మూడింటిని కదలింపనంతవరకు ఔషధముతో సమానము. వేళకు తిని, వేళకు నిద్రించి, చేయవలసిన పని చేసి, పిదప అరగంట తెరమీది తోటను కాపాడుకొనువానికి మేము ఏ మందును వ్రాయనక్కరలేదు. ఆ అరగంటలో అతడు పొందు సంతోషము అతనికి పథ్యమే. అయితే ఆట ముగిసినపుడు నిద్ర మిగిలినదా, లేదా అని ప్రతి రాత్రియు లెక్క చూచుకొనవలెను. ఘట్టమును రేపైనను గెలువవచ్చును. గడచిన రాత్రి నిద్ర తిరిగి రాదు. కనుక పాఠకులు ఈ రాత్రినుండియే పడుకొనుటకు ఒక గంట ముందు ఫోనును వేరు గదిలో ఉంచి, అరికాళ్ళకు నూనె రాచుకొని చూతురుగాక. వారము దినములలో ఫలితము మీకే తెలియును.